బస్సు కిరాయి – రెండు నాణెములు

ఒకే బస్సులో, ఒకే బల్లమీద కూర్చుండి, ఒకే యూరినుండి ఒకే యూరికి పోవు ఇద్దరు ప్రయాణీకులు చెల్లించు కిరాయి ఒకటియే కావలెనని వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఆ కిరాయిని ఏ రూపమున చెల్లించుచున్నారను దానినిబట్టి వారిలో నొకనికి సౌకర్యమును, రెండవవానికి నష్టమును కలుగుచున్నచో, టికెట్టుమీది యంకె సమానమైనంత మాత్రమున న్యాయము జరిగినదని యెంచుటకు వీలులేదు. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల బస్సులలో ఫోనుతో కిరాయి చెల్లించు పద్ధతి వ్యాపించుచున్న యీ సమయమున నీ సంగతిని నిదానముగ విచారింపవలసి యున్నది. ఆచారము స్థిరపడిన పిమ్మట దానిని సవరించుట కష్టము.

రెండు నాణెముల బాధ ఈ ప్రాంతమువారికి క్రొత్తది కాదు. నిజాము రాజ్యమున హాలీ సిక్కా యనియు, బ్రిటిషు ఇండియాలో కల్దారు అనియు రెండు విధములైన రూపాయలు చెలామణిలో నుండెను. ఇంచుమించుగ ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. వాడపల్లికడ కృష్ణను దాటి పల్నాటికి పోవువారును, సోమశిల రేవు దాటి కర్నూలు సీమకు పోవువారును తమ సంచిలో నున్నది ఏ రూపాయయో చూచుకొని బయలుదేరవలసి యుండెడిది. మారకమున్నచోట వట్టము తప్పదు. వేలు మార్చు వర్తకునకు ఆ వట్టము లెక్కలోనిది కాదు. నాలుగు రూపాయలు మార్చు కూలివానికి అది ఒక పూట కూడు. హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమైన కొన్ని యేండ్లకు హాలీ సిక్కా మాయమై, అందరి చేతికి ఒకే రూపాయ వచ్చినది. దేశమంతట ఒకే నాణెము నడచుటలోని సమత యెట్టిదో మన పెద్దలు అనుభవమున నెరుగుదురు.

బస్సుల చరిత్రయు ఇంచుమించుగ ఆ కాలమునాటిదే. 1932 సంవత్సరమున నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా శాఖను ప్రారంభించిరి. ఆ శాఖయే 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగ మారెను. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణ సంస్థ వేరుపడినది. 2024లో దాని సంక్షిప్త నామము టీజీఎస్‌ఆర్‌టీసీ యైనది. రాజులు మారిరి, రాష్ట్రములు మారెను, జిల్లాలు ముక్కలై, పాత మహబూబ్‌నగరునుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాలును, పాత నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలును ఏర్పడెను. ఈ మార్పులన్నిటిలో చిరకాలము మారక నిలిచినది కండక్టరు భుజమున వ్రేలాడు తోలుసంచి. అందు పడిన పైసకు పేరు లేదు, ఊరు లేదు. ఎవరు వేసిరను విచారణ లేదు. మక్తలు రైతు వేసినను, మిర్యాలగూడ బియ్యపుమిల్లు యజమాని వేసినను ఆ సంచిలో అది యొక్కటియే.

ఇప్పుడా సంచి ప్రక్కన మరియొక నాణెము వచ్చి చేరినది. 2016 ఏప్రిల్‌లో యూపీఐ పద్ధతి ఆరంభమైనది. అదే సంవత్సరము నవంబరు 8వ తేదీన 500, 1000 రూపాయల నోట్ల రద్దు ప్రకటింపబడుటతో, ఇష్టమున్నవారును లేనివారును ఫోను చెల్లింపులవైపు నెట్టబడిరి. నేడు అంగడిలో కూరగాయల గంప ముందర, చాయ్ హోటలు గల్లాపెట్టెమీద, కల్లు కంపౌండులోను కూడ ఆ నల్లచుక్కల పలక దర్శనమిచ్చుచున్నది. రోడ్డు రవాణా సంస్థయు ఇటీవలి సంవత్సరములలో యూపీఐ చెల్లింపులను స్వీకరించు క్రొత్త టికెట్టు యంత్రములను బస్సులలో ప్రవేశపెట్టినది.

దీనివలన మేలు లేదనుట అసత్యము. బస్సులలో చిల్లర బాధ యెట్టిదో చదువరులకు తెలియనిది కాదు. ప్రయాణీకుడు నూరు రూపాయల నోటు చాచును. కండక్టరు సంచిలో వెదకి, లేదని తల త్రిప్పి, టికెట్టు వెనుక బాకీ వ్రాసి యిచ్చును. దిగునప్పుడు అడిగి తీసికొనవలెను. దిగునప్పుడు కండక్టరు బస్సు రెండవ కొసన నుండును, నడుమ ముప్పదిమంది నిలుచుండి యుందురు, దిగవలసిన యూరు వచ్చును, బస్సు కదలును, టికెట్టు జేబులో మిగులును. లోకమున ఇంతకంటె చిన్న హుండీ లేదు. ఇంతకంటె త్వరగ చెల్లకపోవు హుండీయు లేదు. దీనికి తోడు పది రూపాయల నాణెము సంగతి. అది చెల్లుబాటు కాగల నాణెమని రిజర్వు బ్యాంకువారు పలుమారులు ప్రకటించిరి. 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయ మొదలుకొని పైవిలువగల నాణెములు వేయి రూపాయల మొత్తమువరకు చట్టబద్ధముగ చెల్లును. అయినను మన పల్లెలలో దానిని పుచ్చుకొనుటకు సంశయించువారు నేటికిని గలరు. కండక్టరు ఇచ్చినచో ప్రయాణీకుడు వలదనును. ప్రయాణీకుడు ఇచ్చినచో కండక్టరు ముఖము చిట్లించును. ఇట్టి కలహమును ఫోను ఒక్క క్షణమున తీర్చివేయుచున్నది.

ఈ చిల్లర తగవును తగ్గించుటకే 2022 మార్చిలో సంస్థవారు పల్లెవెలుగు బస్సుల కిరాయిలను ఐదేసి రూపాయల లెక్కకు సర్దిరి. 12 రూపాయలున్నచోట 10 యైనది. 13, 14 ఉన్నచోట 15 యైనది. అనగా కొందరికి లాభమును, కొందరికి నష్టమును కలిగినది. నాటికి అది యుక్తమే కావచ్చును. కాని యోచింపుడు: ఫోనుతోనో కార్డుతోనో చెల్లించునప్పుడు 13 రూపాయలను పదమూడుగనే చెల్లింపవచ్చును గదా! సర్దుబాటునకు కారణమైన చిల్లర కొరత యిచట లేనేలేదు. అట్లని ఫోను గలవానికి 13, నగదువానికి 15 అన్నచో హాలీ కల్దారుల వట్టము మరల వచ్చిపడినట్లే; అదియు పేదవాని నెత్తిమీద. నా యభిప్రాయమున దీనికి మార్గమొక్కటే. సర్దుబాటు చేయదలచినచో ఎల్లప్పుడును క్రిందికే చేయవలెను. ఆ తగ్గింపు ఇరువురికిని సమానముగ వర్తింపవలెను. చిల్లర నిర్వహణకై సంస్థ పడు శ్రమ తగ్గుచున్నప్పుడు ఆ లాభములో కొంత ప్రయాణీకునికి చెందుట న్యాయమే.

ఇక అసలు చిక్కునకు వత్తము. అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగ శ్రీశైలము పోవు దారిలో నల్లమల అడవి ప్రవేశించిన పిదప ఫోనులకు సంకేతము చాలచోట్ల అందదు. దేవరకొండకు ఆవల చందంపేట తండాల దారిలోను అది అంతంతమాత్రమే. యూపీఐ చెల్లింపు జరుగుటకు మాత్రము ఆ సంకేతమే ప్రాణము. ప్రయాణీకుడు యంత్రముమీది చుక్కల ముద్రను ఫోనునకు చూపి, రహస్య సంఖ్య నొక్కును. ఆ యాజ్ఞ వాని బ్యాంకునకు పోవలెను. ఖాతానుండి సొమ్ము తీయబడవలెను. నడుమనున్న కేంద్రము ద్వారా సంస్థవారి బ్యాంకునకు చేరవలెను. చేరినదను వార్త మరల కండక్టరు చేతి యంత్రమునకు రావలెను. ఈ మజిలీలలో నెక్కడ తెంపు కలిగినను ప్రయాణీకుని ఫోను సొమ్ము పోయినదనును. కండక్టరు యంత్రము రాలేదనును. ఇరువురును సత్యమే పలుకుచున్నారు. కాని తగవులో ఓడువాడు మాత్రము ప్రయాణీకుడే. యంత్రము ఒప్పుకొననిదే టికెట్టు రాదు. టికెట్టు రానిదే ప్రయాణము సాగదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము టికెట్టులేని ప్రయాణీకునికి 500 రూపాయలవరకు జరిమానా గలదు. అందుచేత వాడు జేబులోని నగదు తీసి రెండవమారు చెల్లించును. జేబులో నగదు లేనిచో?

పోయిన సొమ్ము తిరిగి రాదా యని అడుగవచ్చును. వచ్చును. 2019 సెప్టెంబరున రిజర్వు బ్యాంకువారు చేసిన యుత్తరువు ప్రకారము, దుకాణదారులకును సంస్థలకును చేయు ఇట్టి చెల్లింపు విఫలమైనచో సొమ్ము ఐదు దినములలోపల దానంతటదియే ఖాతాకు తిరిగి చేరవలెను. ఆలస్యమైనచో దినమునకు 100 రూపాయల చొప్పున పరిహారమును బ్యాంకు ఇచ్చుకొనవలెను. నియమము మంచిదే. కాని ఈ నూరు రూపాయల మాట తెలిసినవారు బస్సులో నెందరుందురు? సొమ్ము తిరిగి వచ్చినదో లేదో ఖాతా తెరచి సరిచూచుకొనగలవా రెందరు? నెల జీతగానికి ఐదు దినములపాటు అరువది రూపాయలు ఆగిపోవుట గమనింపదగిన సంగతియే కాదు. జడ్చర్ల అడ్డామీద కూలికై నిలుచుండువానికి ఆ యరువది రూపాయలు తిరుగు ప్రయాణము.

కావున విఫలమైన చెల్లింపు భారము ఎవరిపై పడవలెనను ప్రశ్నకు సంస్థవారు స్పష్టమైన జవాబు చెప్పవలసి యున్నది. ఖాతానుండి సొమ్ము తగ్గినట్లు ప్రయాణీకుని ఫోను చూపుచున్నచో, ఆ లావాదేవి యొక్క పన్నెండంకెల సూచిక సంఖ్యను కండక్టరు వ్రాసికొని టికెట్టు ఇయ్యవలెను. తరువాత బ్యాంకుతో లెక్క తేల్చుకొనుట డిపో కార్యాలయము పని. అట్లయిన మోసగాండ్రు దొంగ రసీదులను ఫోనులో చూపుదురని ఆక్షేపణ రావచ్చును. అట్టి నకిలీ యాపులు లేకపోలేదు. కాని సూచిక సంఖ్య చేతిలో నుండగ మోసమును పట్టుట బ్యాంకులకును సంస్థకును అసాధ్యము కాదు. కదలుచున్న బస్సులో నిలుచున్న ముసలివానికి తన నిజాయితీని నిరూపించుకొనుట మాత్రము అసాధ్యమే. ఇంకొక్క మాట. ఈ బాకీని కండక్టరు జీతమునుండి మాత్రము కోయరాదు. అట్లు కోసినచో వాడు ఫోను చెల్లింపులను ఏదో మిషతో నిరాకరించును. అందు వానిని తప్పుపట్టుటకు వీలులేదు. కండక్టరులేక డ్రైవరే టికెట్టు లిచ్చు సర్వీసులలో సంగతి మరింత చిక్కు. ఒక కన్ను రోడ్డుపైనను, ఒక కన్ను యంత్రముపైనను ఉంచుమని యెవరిని శాసింపగలము?

సంకేతము లేనిచోట పనిచేయు ఉపాయము లేదా? కలదు. ఇచట సొమ్ము ఎచ్చట నున్నదను విషయమును గ్రహింపవలెను. యూపీఐలో సొమ్ము దూరమున బ్యాంకులో నుండును. ప్రతి మారును అచటికి కబురు పంపవలెను. మరియొక జాతి కార్డులలో కొంత సొమ్ము కార్డులోని చిన్న బిళ్లయందే లిఖింపబడి యుండును. యంత్రమునకు తాకించినంతనే ఆ బిళ్లలోని లెక్క తగ్గును. కబురు తరువాత తీరికగ పోవచ్చును. 2019 మార్చి 4వ తేదీన ప్రకటింపబడిన జాతీయ ఉమ్మడి ప్రయాణ కార్డు ఈ జాతిలోనిదే. మెట్రోరైలులోను, బస్సులోను, ఏ పట్టణమున నైనను ఒకే కార్డు చెల్లవలెనన్నది దాని యుద్దేశము. మొదట దీనికి అడ్డముగ నిలిచినది గుర్తింపు పత్రముల తంటా. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకువారు, కేవలము ప్రయాణములకై వాడు కార్డులను 3000 రూపాయల పరిమితికి లోబడి, అట్టి పరిశీలన లేకుండగనే ఇయ్యవచ్చునని అనుమతించిరి. అనగా అచ్చంపేట బస్టాండులో నగదు చెల్లించి, పేరైనను చెప్పక, కార్డును కొనుక్కొని పోవుటకు చట్టము అడ్డురాదు. నల్లమల దారికి చుక్కల పలకకంటె ఇట్టి కార్డే తగినది. ఫోను అక్కరలేదు, అక్షరములు అక్కరలేదు, రహస్య సంఖ్య అక్కరలేదు. అయితే కార్డు ధర అతిస్వల్పముగ నుండవలెను. పది, ఇరువది రూపాయలు కూడ అందులో వేసికొనుటకు వీలుండవలెను. ఆ సౌకర్యము హైదరాబాదులోనే కాక కోస్గి, కొల్లాపూరు బస్టాండులలోను ఉండవలెను. రెండువందలకు తక్కువ వేయమన్నచో అది పేదవాని కార్డు కాదు.

కార్డున్నంత మాత్రమున కథ ముగియలేదని సింగపూరు వృత్తాంతము చెప్పుచున్నది. ఆ నగరమున మన తెలుగువారును ఉద్యోగములకై, కూలిపనులకై పెక్కుమంది నివసించుచున్నారు. అచటి ప్రభుత్వ రవాణా శాఖవారు 2024 జనవరి 9వ తేదీన, సొమ్మును బిళ్లలోనే దాచు పాతకార్డులను ఆ యేటి జూన్ నెలనుండి నిలిపివేసి, ఖాతాతో ముడిపడిన క్రొత్త పద్ధతికి అందరిని మార్చుదుమని ప్రకటించిరి. ప్రజలు ఒప్పుకొనలేదు. వారి ప్రధానమైన ఆక్షేపణ వినుటకు అతిసామాన్యము: క్రొత్తకార్డును యంత్రమునకు తాకించినప్పుడు ఎంత తగ్గినదో, ఎంత మిగిలినదో ఆ యంత్రము చూపదు, ఫోనులో వేరుగ చూచుకొనవలెను. తన కష్టార్జితము తన చేతినుండి పోవుచుండగ ఎంత పోయినదో ఆ క్షణముననే కన్నులార చూడవలెనని కోరుట తప్పా? రెండు వారములైనను గడువకమునుపే, జనవరి 22వ తేదీన, ప్రభుత్వమువారు వెనుకంజ వేసి, పాతకార్డులను కొనసాగించుటకు అదనముగ నాలుగుకోట్ల సింగపూరు డాలరులు వ్యయము చేయుటకు సిద్ధపడిరి. ధనమునకును యంత్రకౌశలమునకును కొరతలేని పట్టణముననే ఇట్లుండగ, మన బస్సులలో కాగితపు టికెట్టును తొలగింపవలెనను తలంపు ఎవరికైనను కలిగినచో దానిని మొలకలోనే త్రుంచవలెను. ఆ చిన్న కాగితమే చదువురానివానికి లెక్కపుస్తకము. చదువగలవానిచేత తరువాత చదివించుకొనును.

నెలపాసుల విషయమున మరియొక అన్యాయము చాలకాలమునుండి కనబడకుండ సాగుచున్నది. 2023 జూలైలో సంస్థవారు నల్లగొండ, మహబూబ్‌నగరు మొదలగు పట్టణములకు పల్లెవెలుగు టౌను పాసును ప్రవేశపెట్టిరి. నాడు ఐదు కిలోమీటర్ల పరిధికి నెలకు 500 రూపాయలుగ నిర్ణయించిరి. నిత్యము తిరుగువానికి ఇది చౌక. కాని నెల మొదట 500 రూపాయలు ఒక్కసారిగ తీయగలవాడెవడు? జీతము గలవాడు. దినకూలివాడు ఏనాటి కిరాయి ఆనాడు చెల్లించును. నెల తిరుగునప్పటికి పాసు ధరను మించి చెల్లించియు నుండవచ్చును. ఒకేచోటికి అన్నే మారులు ప్రయాణించిన ఇద్దరిలో, ముందుగ సొమ్ము లేనివాడే ఎక్కువ సొమ్ము చెల్లించుట ఎట్టి ధర్మము? కిరాణా దుకాణములో పావుశేరు చొప్పున కొనువాడు బస్తా కొనువానికంటె ఎక్కువ ధర పెట్టుట లోకరీతియే యందురు. దుకాణదారుని సంగతి వేరు. ప్రజల సంస్థ సంగతి వేరు.

క్రొత్త యంత్రములు చేయగల నిజమైన ఉపకారము ఇచ్చటనే యున్నది. లండను నగరమున కార్డు తాకించి ప్రయాణించువారికి దినమునకు ఒక హద్దు, వారమునకు ఒక హద్దు నిర్ణయింపబడి యున్నవి. కిరాయిలు కూడుచు ఆ హద్దును చేరినంతనే, తరువాతి ప్రయాణములకు యంత్రము సొమ్ము తీసికొనదు. ముందుగ పాసు కొనవలసిన పనిలేదు. ఎన్నిమారులు తిరుగుదుమో లెక్కవేసికొనవలసిన పనియు లేదు. చిల్లరగ కొన్నవానికిని టోకు ధరయే దక్కును. మన సంస్థవారు టౌను పాసు ధరనే నెలహద్దుగ నిర్ణయించి, కార్డుతో విడివిడిగ చెల్లించువాని మొత్తము 500 చేరినంతనే మిగిలిన దినములు ఉచితమనినచో, కూలివానికిని గుమాస్తాకును ఒకే ధర యేర్పడును. ఇది కండక్టరు తోలుసంచి చేయలేని లెక్క. యంత్రము మాత్రమే చేయగలది. క్రొత్త పద్ధతిని ప్రశంసించువారు వేగమును గూర్చియే మాటలాడుచున్నారు గాని, ఈ గుణమును గూర్చి పలుకుట నేను తరచుగ వినలేదు.

ఆ లండనులోనే మరియొక దయగల యేర్పాటున్నది. 2014 జూలై 6వ తేదీనుండి అచటి బస్సులలో నగదు పుచ్చుకొనుట నిలిపివేసిరి. అప్పుడు కార్డులో సొమ్ము చాలనివాని గతి యేమను ప్రశ్న పుట్టినది. అందులకై వారి ఆయిస్టరు కార్డులో, సొమ్ము తక్కువైనను ఇంకొక్క బస్సు ప్రయాణమును అనుమతించు నియమమును చేర్చిరి. ఆ బాకీ తరువాత సొమ్ము వేసికొన్నప్పుడు తీరును. చీకటిపడిన వేళ ఆడకూతురో, ముసలివాడో దారిలో దింపివేయబడరాదన్నది తాత్పర్యము. ఈ నియమమును మనము గ్రహింపవలెను. నగదు నిలుపుటను మాత్రము గ్రహింపరాదు. లండను వీధులలో కార్డులో సొమ్ము వేయు దుకాణములు అడుగడుగునను గలవు. మన చందంపేట తండాలో ఎచ్చట గలవు? 2011 జనాభా లెక్కల ప్రకారము మహబూబ్‌నగరు జిల్లాలో అక్షరాస్యులు నూటికి 55 మంది. నాటి ఉమ్మడి రాష్ట్రమున అదియే కట్టకడపటి స్థానము. ఇంటికొక్కటే ఫోనున్నచోట అది కొడుకు చేతిలో పట్నమునకు పోవును. తండ్రి చేతిలో నోటే మిగులును. నగదు పుచ్చుకొనుట ఈ ప్రాంతమున బహుకాలము కొనసాగవలసి యున్నది. దయాదృష్టితో కాదు, హక్కుగ.

ఈ జాగ్రత్త యేలయన్నచో, రహదారులమీద జరిగినది చదువరులు చూచియే యున్నారు. మోటారు గలవారందరును హైదరాబాదు–విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడు సుంకపు గేట్లను దాటియుందురు. 2021 ఫిబ్రవరి నడుమనుండి ఫాస్టాగు లేని బండ్లకు సుంకము రెట్టింపైనది. 2025 నవంబరు 15వ తేదీనుండి యూపీఐతో చెల్లించువారికి ఒకటింబావు రెట్లనియు, నగదు చెల్లించువారికి రెండు రెట్లనియు నియమము మారినది. ప్రభుత్వపు నోటుకు ప్రభుత్వపు గేటువద్దనే సగము విలువయన్నమాట! కారు గలవాడు దీనిని భరింపగలడు. గేటువద్ద బారులు తగ్గినవను సమాధానమును గలదు. కాని ఒకచోట అంగీకరింపబడిన సూత్రము మరియొకచోటికి ప్రాకుట సహజము. నగదు కిరాయికి అదనపు రుసుము గాని, ఫోను గలవారికే చెందు తగ్గింపు గాని పల్లెవెలుగు బస్సు మెట్లెక్కకుండ చూచుకొనవలెను. ఫోనువానికి పది శాతము తగ్గించుటయు, నగదువానికి పెంచుటయు పేరులో వేరు; ఫలమున నొక్కటే.

మహాలక్ష్మి పథకము వచ్చిన పిదప స్త్రీలకు ఈ గొడవయే లేదని కొంద రనవచ్చును. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణ నివాసులైన స్త్రీలును, బాలికలును, ట్రాన్స్‌జెండరు వ్యక్తులును పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితముగ ప్రయాణించుచున్నారు. కిరాయి లేకున్నను టికెట్టున్నది. దానిని సున్నా టికెట్టు అందురు. ఆ సున్నాకు తగిన సొమ్మును ప్రభుత్వము సంస్థకు చెల్లింపవలెను గనుక అది లెక్కకు వచ్చు సున్నా. దానిని పొందుటకు గుర్తింపు పత్రము చూపవలెను. మరచివచ్చిన స్త్రీ కిరాయి చెల్లింపవలసినదే. ఇచట రూపాయ స్థానమున పత్రము నిలిచినది; అదియు నొక నాణెమే. రేపు ఈ పత్రమునకు బదులు తాకించు కార్డు వచ్చినచో పైన చెప్పిన నియమములన్నియు దానికిని అన్వయించును. కార్డు మరచిన దినమున, యంత్రము చెడిన దినమున నష్టము ఆమెది కారాదు. ఆమె ఎప్పుడు ఎక్కినది, ఎచ్చట దిగినదను లెక్క సంస్థ ప్రణాళికలకు పనికివచ్చును, నిజమే. పేరుతో కూడ దాచుటకు మాత్రము కారణము కానరాదు.

పట్టణములలోని చదువరులు ఈ విషయములను సంస్థవారి దృష్టికి తెచ్చుటకు మార్గము లేకపోలేదు. డిపో మేనేజర్లు ప్రయాణీకుల ఫిర్యాదులను ఫోనులో స్వయముగ విను ‘డయల్ యువర్ డీఎం’ కార్యక్రమములను నడపుచున్నారు. భూస్వాములును, వర్తకులును, వకీళ్లును బస్సు వేళలను గూర్చియు, క్రొత్త సర్వీసులను గూర్చియు అడుగుచుందురు, అది సరియే. ఈమారు ఫోను చేయువారు మరియొక ప్రశ్నను కూడ అడుగవలెనని మా కోరిక. మన్ననూరు దారిలో సంకేతము తెగి, ఖాతానుండి సొమ్ము పోయి, టికెట్టు రాని ప్రయాణీకుడు మరునాడు అచ్చంపేట డిపోకు వచ్చినచో, ఏ గదికి పోవలెను, ఎవరి నడుగవలెను, వానికి నగదు అక్కడికక్కడ ఇత్తురా లేక బ్యాంకునకు పొమ్మందురా? ఆ జవాబును తెలుగులో పెద్ద యక్షరములతో వ్రాసి బస్సులోపల అంటింప వలసినదిగ కూడ కోరవలెను.